గోడ మీద ఫోటో అయ్యేలోపు

సినిమా రివ్యూల్లో ఒక తిట్టు స్థిరపడిపోయింది: "సీరియల్ యాక్టింగ్". ఎవరైనా కళ్లు కాస్త పెద్దవి చేసినా, మాటకీ మాటకీ మధ్య అక్కర్లేనంత సేపు ఆగినా ఆ ముద్ర పడుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా ఏ తెలుగు చానెల్ పెట్టినా ఆ రకం నటన కావలసినంత దొరుకుతుంది. దాన్ని నటుడి ఖాతాలో రాయడం దగ్గరే నాకు పేచీ. పాతికేళ్లుగా అమ్మ, అత్త, బాబాయి, పెద్దాయన వేషాలు వేస్తున్నవాళ్ల పనిని దగ్గరగా చూస్తే, ఆ తిట్టుకు మూలం వాళ్ల ముఖంలో కాక తీసే పద్ధతిలో ఉందని తెలుస్తుంది. ఆ పద్ధతి లోపలే ఇరుక్కుని, ఉన్న కొద్ది జాగాలో మనిషిలా కనిపించడమే వాళ్ల విద్య. అదంతా పొదుపుతో నడిచే విద్య. ఏడుపులో పొదుపు, గొంతులో పొదుపు, చీరల్లో పొదుపు, చివరికి చేతులు కదపడంలో కూడా.

ముందు లెక్క. అరగంట స్లాటులో ప్రకటనలూ, నిన్నటి కథా, టైటిళ్లూ తీసేస్తే మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. సోమవారం నుంచి శనివారం దాకా వారానికి ఆరు ఎపిసోడ్లు, ఏడాదికి 312. సగటున 21 నిమిషాలు వేసుకున్నా 6,552 నిమిషాలు, అంటే 109 గంటలు. రెండున్నర గంటల సినిమాలు 43 తీసినంత పని. సినిమాకు రోజుకు రెండు మూడు నిమిషాల సరుకు వస్తే రోజు బాగా గడిచినట్టే. సీరియల్ యూనిట్ రోజుకు ఇంచుమించు ఒక ఎపిసోడ్ లాగకపోతే ప్రసారం వెంటపడి తరుముతుంది. ముందుగా తీసి పెట్టుకున్న ఎపిసోడ్ల నిల్వ పది దాకా ఉంటే అందరూ ప్రశాంతంగా భోంచేస్తారు. అది రెండుకు పడిపోయిందా, ఎవరికైనా జ్వరం వచ్చినా కథే మారిపోతుంది.

దూరదర్శన్ కాలంలో ఈ పరుగు లేదు. వారానికి ఒక ఎపిసోడ్, పదమూడు ఎపిసోడ్లకు ఒక అనుమతి. పరిషత్తు నాటకాల నుంచీ రేడియో నుంచీ వచ్చిన నటులకు అది సరిపోయే వేగం. మాట ముందు రోజే కంఠతా వచ్చేది, రిహార్సల్‌కు వ్యవధి ఉండేది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లకే డైలీ సీరియల్ ఇంటింటి అలవాటయింది. ఈ రెండు కాలాలూ దాటి ఇవాళ్టికీ కాల్షీట్లు ఇస్తున్నవాళ్లను "సీనియర్ ఆర్టిస్ట్" అంటారు సెట్లో. ఆ మాటలో గౌరవం సగం. మిగతా సగం, "ఈ సీన్ గంటలో లేచిపోతుంది" అనే భరోసా.

ఆ సీన్ గంటలో ఎలా అయిపోతుందో చూద్దాం.

సీన్ పేపర్ చాలాసార్లు మేకప్ కుర్చీలో కూర్చున్నాకే చేతికొస్తుంది. నాలుగు పేజీల సంభాషణ. కంఠతా పట్టే సమయం ఉండదు, పట్టినా సెట్లో మారుతుంది. అందుకే ప్రాంప్టింగ్. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ మాట అందిస్తాడు, నటులు దాన్ని అందుకుని పలుకుతారు. ప్రాంప్టర్ గొంతు కూడా రికార్డయిపోతుంది కాబట్టి ఆ శబ్దం పనికిరాదు, తర్వాత డబ్బింగ్ తప్పదు. ఇప్పుడు ఒక డైలాగు తీసుకుందాం: "నీ కొడుకు ఆ ఇంటి గడప తొక్కిన రోజున ఈ ఇంట్లో నా శవం లేస్తుంది, గుర్తుపెట్టుకో." ప్రాంప్టర్ దీన్ని మూడు ముక్కలు చేస్తాడు. "నీ కొడుకు ఆ ఇంటి గడప తొక్కిన రోజున", ఒక ముక్క. "ఈ ఇంట్లో నా శవం లేస్తుంది", రెండోది. "గుర్తుపెట్టుకో", మూడోది.

కొత్తగా వచ్చిన అమ్మాయి ఏం చేస్తుందంటే, వింటుంది, పలుకుతుంది, ఆగుతుంది. మళ్లీ వింటుంది. వినేటప్పుడు కళ్లలో ఎదుటి మనిషి ఉండడు. చూపు చెవివైపు జారినట్టు ఖాళీ అయిపోతుంది. మూడు ముక్కలకూ ఒకే బరువు పడుతుంది, ప్రతి ముక్క చివరా గొంతు ఒకేలా లేస్తుంది. మధ్యలో రెండు ఖాళీలు. డబ్బింగ్ చెప్పేవాళ్లు పెదాలను అనుసరించాలి కాబట్టి ఆ ఖాళీలను పూడ్చలేరు. ఎడిటర్ కొంత కోస్తాడు, మిగిలిన దాంట్లో సంగీతం పోస్తారు, ముఖం మీదికి మూడుసార్లు జూమ్ కొడతారు. మనం ఇంట్లో కూర్చుని సీరియల్ యాక్టింగ్ అనేది ఈ మొత్తం సరంజామాను.

పాత నటి అదే డైలాగును వేరేగా అందుకుంటుంది. మొదటి ముక్క తాను పలుకుతుండగానే రెండో ముక్క అందించమని ప్రాంప్టర్‌కు ముందే చెప్పి ఉంచుతుంది. నోరు ఒక ముక్క మీద, చెవి తర్వాతి ముక్క మీద. నోరూ చెవీ ఇలా విడివిడిగా పనిచేయడానికి ఏళ్లు పడుతుంది. అందిరాని చోట ఆ ఖాళీని చేతికి అప్పగిస్తుంది. కాఫీ కప్పు బల్ల మీద పెట్టడమో, కొంగు భుజం మీదికి లాక్కోవడమో చేస్తుంది. చూసేవాళ్లకు అది ఆలోచనలా కనిపిస్తుంది.

ఇందులో ఒక చిక్కుంది. సీన్ ముందు మాస్టర్ షాట్‌లో, అంటే అందరూ కనిపించేలా దూరం నుంచి మొత్తంగా తీస్తారు, తర్వాత ఇద్దరి భుజాల మీదుగా సజెషన్లు, ఆపైన ముఖం దగ్గరగా క్లోజ్‌లు. మాస్టర్‌లో "తొక్కిన" అన్నప్పుడు కప్పు కింద పెడితే, క్లోజ్‌లోనూ అదే మాట మీద పెట్టాలి. లేకపోతే కట్ చేసిన చోట కప్పు గాల్లోంచి బల్ల మీదికి దూకుతుంది. కంటిన్యుటీ చూసే కుర్రాడు పదిమంది నటుల చేతులూ గుర్తుపెట్టుకోలేడు. అందుకే సీనియర్లు సీన్‌కు ఒక్క చేష్టే ఎంచుకుంటారు, దాన్ని ఒక మాటకు ముడివేస్తారు. వాళ్ల నటన నిదానంగా, నిబ్బరంగా ఉందని మనం మెచ్చుకునే దాంట్లో సగం ఈ ముడివేతే.

ఇక రియాక్షన్లు, అంటే ఎదుటివాళ్ల మాట వింటున్నప్పటి ముఖాలు. సీన్ అయిపోయాక గదిలో ఉన్న ఎనిమిది మందివీ వరుసగా తీస్తారు. ఎడమ లుక్ ఒకటి, కుడి లుక్ ఒకటి. ఎవరు మాట్లాడుతుంటే ఇది వేస్తారో తీసేటప్పుడు ఎవరికీ పక్కాగా తెలియదు. కొత్తవాళ్లు కళ్లు విప్పార్చి ఒక్క పెద్ద ఎక్స్‌ప్రెషన్ ఇచ్చి వెళ్లిపోతారు. అది ఒక్క చోట తప్ప ఎక్కడా అతకదు. అనుభవం ఉన్నవాళ్లు మూడు ఇస్తారు. ఊరికే వింటున్నట్టు ఒకటి, ఏదో అనుమానం వచ్చినట్టు ఒకటి, లోపల కుంగినట్టు ఒకటి. ఒక్కోటి అయిదారు సెకన్లు, మధ్యలో రెప్ప వేసి తెగ్గొడతారు, ఎడిటర్‌కు కోసుకునే చోటు దొరకాలని. ఎడిటింగ్ గదిలో వీళ్లకు ఉండే విలువ బయట ఎవరికీ తెలియదు.

ఆ విలువ డబ్బింగ్‌లో బయటపడుతుంది. సెట్లో "రేపు పెళ్లి" అని తీశారు. కథ సాగింది, పెళ్లి వాయిదా పడింది, ఇప్పుడు "ఎల్లుండి పెళ్లి" కావాలి. కానీ "రేపు"లో పెదాలు మూసుకుంటాయి, "ఎల్లుండి"లో ఎక్కడా మూసుకోవు. ప, బ, మలు పలికితే పెదాలు కలిసి తీరాలి. తెర మీద ఇది తప్పితే, డబ్బింగ్ అంటే ఏమిటో తెలియని వాళ్లకు కూడా ఏదో తేడా కొడుతుంది. అప్పుడు ఎడిటర్ చేసేది ఒకటే. ఆ ఒక్క మాట మీద పక్కనున్న అత్తగారి ముఖం వేస్తాడు. ఆవిడ మూడు వారాల కిందట ఇచ్చిన "ఊరికే వింటున్న" ముఖం అక్కడ అక్కరకొస్తుంది. పెద్ద ఎక్స్‌ప్రెషన్ అయితే పనికొచ్చేది కాదు.

మన సీరియళ్లలో నాయికలూ నాయకులూ చాలామంది కన్నడం నుంచో మలయాళం నుంచో వచ్చినవాళ్లు. దీని మీద ఏడుపులు చాలా ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్లను. 'కార్తీక దీపం'లో వంటలక్కగా తెలుగిళ్లను ఏలిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళీ. అదే పాత్రను మలయాళ మూలంలో ముందే చేసి వచ్చారు. ఆవిడ కళ్లతో నెగ్గుకొచ్చిన తీరును తక్కువ చేసేవాడు ఆ సీరియల్ సరిగ్గా చూడలేదనే అంటాను. నేను చెప్పదలిచింది ఎదురుగా నిలబడే తెలుగు సీనియర్ సంగతి. ఎదుటి మనిషి భాష సరిగ్గా అందక పలుకుతున్నప్పుడు, తన వంతు ఎప్పుడొస్తుందో మాటను బట్టి తెలియదు. ఊపిరి బట్టి పట్టుకోవాలి. మాట అయిపోయినవాడి భుజాలు కాస్త దిగుతాయి, గడ్డం ఒక పిసరు కిందికొస్తుంది. సీనియర్ల చూపు ఎప్పుడూ ఎదుటివాళ్ల కళ్లలో కాకుండా కొంచెం కింద, గొంతుగుంట దగ్గర ఆగడానికి కారణం అదే. తెర మీద అది వినయంలాగో దిగులులాగో కనిపిస్తుంది. అదీ లాభమే.

తమ గొంతు తామే చెప్పుకునే అవకాశం ఈ పెద్ద వేషాల వాళ్లకే ఎక్కువ. పొద్దున తొమ్మిదికి మొదలై రాత్రి తొమ్మిదికి ప్యాకప్ అయ్యే రోజులో అరుపుల సీన్లు నాలుగుంటే, ఆ తర్వాత డబ్బింగ్‌కు వెళ్లేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. నేర్చినవాళ్లు సెట్లో సగం గొంతుతో అరుస్తారు. మెడ నరాలు మాత్రం పూర్తిగా లేపుతారు. ఆ శబ్దం ఎలాగూ పారేసేదే కదా! నాటకాల నుంచి వచ్చినవాళ్లకు ఈ ఒక్కటీ నేర్చుకోవడం చాలా కష్టమైంది. చివరి వరుసకు వినిపించాలన్న అలవాటు అంత తొందరగా చావదు.

ఏడుపు విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల బతుకు సగం దాని మీదే నడుస్తుంది. గ్లిజరిన్ కింది రెప్ప అంచున పలచగా అద్దాలి, కంట్లో పొయ్యకూడదు. కంట్లో పడితే నీళ్లు బాగానే వస్తాయి. నీళ్లతో పాటు మంటకు కన్ను బిగుసుకుని మూసుకుపోతుంది, ముఖం దుఃఖంలా కాక నొప్పిలా కనిపిస్తుంది. పైగా ఎరుపు గంట దాటినా పోదు. తర్వాత తీసేది కథలో ముందెప్పుడో జరిగిన సీమంతం సీన్ అయితే ఆ ఎర్రటి కళ్లతో ఎలా నవ్వుతారు? అందుకే సీనియర్లు ఉదయమే మేనేజర్‌తో మాట్లాడి ఏడుపు సీన్లను మధ్యాహ్నం భోజనాల తర్వాతికో, రోజు చివరికో వేయించుకుంటారు. ఆ సీన్‌లో కూడా దర్శకుణ్ణి ఒకే ఒక్క కోరిక కోరతారు: క్లోజ్ ముందు తీయండి. మాస్టర్‌లో మనసు పెట్టి ఏడిస్తే కెమెరా పది అడుగుల అవతల ఉంటుంది, ఆ కన్నీరు ఎవరికీ కనిపించదు. క్లోజ్‌కు వచ్చేసరికి ముక్కు ఎర్రబడి, కాటుక చెదిరి, లోపల ఏమీ మిగలదు. మొదటి ఏడుపు ఎప్పుడూ మంచిది. దాన్ని దగ్గరి షాట్‌కు ఖర్చు పెట్టాలి. మాస్టర్‌కు ముఖం కొంగులో దాచుకుంటే చాలు. తెలుగు సీరియల్ అమ్మలందరూ కొంగులో ముఖం దాచుకునే ఏడుస్తారెందుకని వెక్కిరించేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

చీరలు సొంతవి. చాలా యూనిట్లలో ఆడ ఆర్టిస్టుల చీరలూ నగలూ వాళ్ల ఖర్చే, మగవాళ్లకు చొక్కాలు వాళ్లవే. కథలో ఒక్క రాత్రి జరిగే గొడవ ప్రసారంలో నాలుగు ఎపిసోడ్లు సాగుతుంది, షూటింగ్‌లో నాలుగు రోజులు పడుతుంది, ఆ నాలుగు రోజులూ వరుసగా కూడా ఉండవు. ఆ చీర అప్పటిదాకా ఉతక్కుండా ఇస్త్రీ చేసి ఉంచాలి. సీన్‌కు ఒక జిప్ కవర్ పెట్టుకుంటారు. అందులో గాజులు, చెవిదిద్దులు, బొట్టు బిళ్లల అట్ట, పైన సీన్ నంబరు, తేదీ. ఫోన్‌లో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటో, ఎందుకంటే జడ ఏ భుజం మీద ఉందన్న దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సన్నగీతల చీర కట్టకూడదు, తెర మీద గీతలు కదులుతున్నట్టు చిమచిమలాడతాయి. జరీ మరీ మెరిసేది వద్దు, లైటు తిప్పికొట్టి గడ్డం కింద తెల్ల మచ్చ వేస్తుంది. కొత్త పాత్ర ఒప్పుకునే ముందు ఇంట్లో పెద్దావిడ ధనవంతురాలా, మధ్యతరగతా అని అడగడం వెనక కళాదృష్టి కొంతే. మిగతాది బీరువా లెక్క.

ఇంతకన్నా పెద్ద లెక్క డేట్లది. ఒక సీరియల్‌కు నెలలో పది పన్నెండు రోజులు ఇస్తే, మిగతా రోజులకు రెండోదీ మూడోదీ ఒప్పుకుంటారు. పారితోషికం రోజు లెక్కన కాబట్టి ఖాళీ రోజు అంటే ఖాళీ జేబు. ఇక్కడ చెడేది కాంబినేషన్ దగ్గర. అత్త, మామ, కోడలు ముగ్గురూ ఒకే ఫ్రేములో ఉండాల్సిన సీన్‌కు ముగ్గురి డేట్లూ కలవాలి. ఎవరో ఒకరు పొద్దున ఒక సెట్లో, మధ్యాహ్నం ఇంకో సెట్లో అని రోజును చీల్చి ఇస్తారు. నానక్‌రామ్‌గూడలో షాట్ అరగంట సాగితే అమీర్‌పేటలో పదిహేను మంది కూర్చుని ఎదురుచూస్తారు. రెండుసార్లు ఇలా జరిగితే, మూడో నెలలో రచయితకు ఫోన్ వెళుతుంది. పాత్ర తీర్థయాత్రలకు పోతుంది. కాశీ వెళ్లిన సీరియల్ పెద్దమనుషుల్లో డేట్లు కుదరక వెళ్లినవాళ్లే ఎక్కువ. అందుకే ఈ రంగంలో నలభై ఏళ్లు నిలిచినవాళ్ల గురించి మేనేజర్లు మొదట చెప్పేది నటన గురించి కాదు. "ఆయన మాటంటే మాటే" అంటారు. నాకు తెలిసి అంతకు మించిన అవార్డు లేదు. చానెళ్లు తమ సీరియళ్లకు తామే పంచుకునే అవార్డుల సంగతి సరే, పెళ్లింట్లో వరసలు కలుపుకున్నట్టు ఉంటుంది. అమెరికాలో 'ఆల్ మై చిల్డ్రన్' సీరియల్ నటి సూసన్ లూచీకి అక్కడి టీవీ అవార్డు డేటైమ్ ఎమ్మీ రావడానికి 19 నామినేషన్లు పట్టింది, 1999లో వచ్చింది. ఆలస్యమైనా అక్కడ కనీసం వేచి ఉండటానికి ఒక తలుపుంది.

అక్కడికీ ఇక్కడికీ అసలు తేడా వేరే. హెలెన్ వాగ్నర్ 1956 ఏప్రిల్ 2న అమెరికన్ సీరియల్ 'యాజ్ ద వరల్డ్ టర్న్స్'లో మొట్టమొదటి మాట పలికారు, మధ్యలో కొన్ని విరామాలున్నా 2010లో చనిపోయేదాకా ఆ నాన్సీ పాత్రతోనే ఉన్నారు. 1963 నవంబర్ 22న ఆవిడ సీన్ ప్రత్యక్ష ప్రసారంలో ఉండగానే అధ్యక్షుడు కెనడీ మీద కాల్పుల వార్త అడ్డొచ్చింది. బ్రిటన్‌లో విలియం రోచ్ 1960 డిసెంబర్ 9 నాటి మొదటి ఎపిసోడ్ నుంచి 'కొరొనేషన్ స్ట్రీట్' సీరియల్లో కెన్ బార్లోగా ఉన్నారు. వాళ్లకు పాత్రతో పాటు వయసు పెరిగింది. మనకు ఒక సీరియల్ అయిదారేళ్లు నడిస్తే గొప్ప. ఈటీవీ 'అభిషేకం' 2008 నుంచి 2022 దాకా, నాలుగు వేల ఎపిసోడ్లు సాగడం అరుదైన సంగతి. మిగతావాళ్లు నాలుగేళ్లకోసారి కొత్త ఇల్లు, కొత్త కోడలు, కొత్త శత్రువుతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. పాత్ర పేరు మాత్రం వదలదు. మంజులా నాయుడు తీసిన 'మొగలిరేకులు' ముగిసి ఎన్నేళ్లయినా సాగర్‌ను జనం ఆర్కే నాయుడు అనే పిలుస్తారు.

ఆడవాళ్లకు దీనికి తోడు ఒక మలుపు ముందే వస్తుంది. నాయికగా ఆరేడేళ్లు గడిచాక, వదిన వేషం అడుగుతారు. రెండేళ్లకు అమ్మ. కొడుకుగా వేసేవాడికీ తనకూ నాలుగేళ్లు తేడా ఉంటే ఎక్కువ. తటపటాయించి నాయిక వేషమే వస్తుందని రెండేళ్లు ఇంట్లో కూర్చున్నవాళ్లు చాలామంది తిరిగి రాలేకపోయారు. చెంపల దగ్గర ఒక్క తెల్లపాయ వేయించుకుని ముందే అమ్మ అయిపోయినవాళ్లు ఇవాళ అమ్మమ్మలుగా కూడా పనిలో ఉన్నారు. ఇది న్యాయమని నేననను. మగవాడు అదే వయసులో ఇంకా పెళ్లిచూపులకు వెళుతుంటాడు. కానీ లెక్క తెలిసినవాళ్లు ఆ తెల్లపాయను ఓటమిగా చూడరు, పాతికేళ్ల కాల్షీట్లుగా చూస్తారు.

ఏ సీరియల్‌ను ఎంతమంది చూస్తున్నారో చెప్పే రేటింగులు 2015 నుంచి బార్క్ అనే సంస్థ ఇస్తోంది. గురువారం అంకెలొస్తాయి. ఒక సీరియల్ పడిపోయిందంటే మొదట తగ్గించేది పెద్ద ఆర్టిస్టుల రోజులనే, ఎందుకంటే నాయిక లేకుండా కథ లేదు, పెదనాన్న లేకుండా ఉంటుంది. పన్నెండు రోజులు ఆరవుతాయి, ఆరు మూడవుతాయి. ఒక ఉదయం సెట్లో స్టిల్ ఫోటోగ్రాఫర్ వచ్చి, "సార్, ఒకటి నవ్వుతూ ఇవ్వండి, నేరుగా చూస్తూ" అంటాడు. సీనియర్‌కు వెంటనే అర్థమైపోతుంది. పండక్కి ప్రోమో అయితే కోడళ్లనూ పిలుస్తారు. ఒక్కణ్ణే, నేరుగా, భుజాల దాకా అంటే అది ఫ్రేము కట్టించే ఫోటో. ఆయన కండువా సర్దుకుని నవ్వుతాడు. మరీ ఎక్కువ నవ్వడు, దండ వేశాక బాగుండదు. వారం తిరక్కుండా ఒక చానెల్లో ఏడున్నరకు హాలు గోడ మీద ఆ ఫోటో, కింద దీపం, చుట్టూ ఏడుస్తున్న కుటుంబం. రిమోట్ ఒక్క నొక్కు నొక్కితే పక్క చానెల్లో అదే ఏడున్నరకు ఆయనే, వేరే ఇంట్లో, వేరే కోడలి చేతి కాఫీ అందుకుంటూ, కప్పు ఏ మాట మీద కింద పెట్టాలో చూసుకుంటూ.